తక్కువ బడ్జెట్‌లో మోడల్ రైలు: ఏ స్కేల్ కొనాలో తేల్చుకునే పద్ధతి

"హెచ్‌ఓ కొనమంటారా, ఎన్ కొనమంటారా?" అని మోడల్ రైళ్ల రెండు సైజుల (స్కేళ్ల) గురించి అడిగేవాళ్లు చాలామంది. నేను జవాబు చెప్పకుండా రెండు ప్రశ్నలు తిరిగి వేస్తాను. బల్ల ఎంత వెడల్పు వేయగలరు? మీకు కావాల్సింది ఎక్స్‌ప్రెస్ బండా, గూడ్సు బండా? ఈ రెండు తేలితే స్కేల్ ముక్కాలు వంతు తేలిపోయినట్టే. ఇంజిన్ ధర చూసి స్కేల్ ఎంచుకున్నవాళ్లే ఏడాది తిరక్కుండా సగం ధరకు అమ్ముకుంటున్నారు. నేనూ ఒకసారి ఆ పని చేశాను.

కింద చెప్పే వరుస 25 నుంచి 40 వేల రూపాయల్లో మొదటి లేఅవుట్ (బల్ల మీది రైలు ఏర్పాటు) వేయాలనుకునేవాళ్ల కోసం. 4వ మెట్టు దాకా పైసా ఖర్చు లేదు. అందుకని దాన్ని దాటేసి కొనుగోళ్లకు దూకకండి.

1. ముందు టేపు తీయండి

గది కొలత అక్కర్లేదు. గదిలో బల్లకు నిజంగా దొరికే చోటు కొలవండి. తలుపు తెరుచుకునే చోటు, బీరువా తలుపు తిరిగే చోటు, ఊడ్చేవాళ్లు చీపురు పట్టుకుని వెళ్లే దారి తీసేస్తే మిగిలేదే మీ చోటు.

మనిషి చెయ్యి సౌకర్యంగా అందేది రెండున్నర అడుగులే. గోడకు ఆనించి నాలుగు అడుగుల వెడల్పు బల్ల వేస్తే, అవతలి మూల పట్టాలు తప్పిన బండిని ఎత్తడానికి బల్లెక్కాలి. నాలుగు అడుగుల బల్ల వేస్తే కనీసం మూడు వైపులా నడిచే చోటు ఉండాలి, లేదా చక్రాలు పెట్టి బయటికి లాక్కునేలా ఉండాలి.

రాసుకోవాల్సినవి:

- బల్ల పొడవు, వెడల్పు (మిల్లీమీటర్లలో; 1 అడుగు = 305 మి.మీ.)
- బల్ల శాశ్వతంగా ఉంటుందా, చుట్టాలొస్తే మంచం కింద పెట్టాలా
- ఎన్ని వైపుల నుంచి చెయ్యి అందుతుంది
- ఆ గదిలో ఎండ నేరుగా పడుతుందా (డాబా మీది గది అయితే ఇది ముఖ్యం)
- అద్దె ఇల్లా, సొంత ఇల్లా

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఒకే పెద్ద బల్ల వేయకండి. రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించండి. లిఫ్టులో పట్టని బల్లతో ఇల్లు మారడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

2. స్కేల్ వేరు, గేజ్ వేరు

అసలు బండిని ఎన్నో వంతుకు కుదించారో చెప్పేది స్కేల్. రెండు పట్టాల మధ్య దూరం గేజ్. కొత్తవాళ్లు ఈ రెండూ కలిపేసి, హెచ్‌ఓ పట్టాల మీద ఓఓ బండి నడుస్తుంటే "రెండూ ఒకటే కదా" అనుకుంటారు. పట్టా ఒకటే, బండి సైజు వేరు.

- జెడ్: 1:220, గేజ్ 6.5 మి.మీ.
- ఎన్: 1:160, గేజ్ 9 మి.మీ. (బ్రిటిష్ ఎన్ 1:148, జపాన్ మామూలు రైళ్లకు 1:150)
- టీటీ: 1:120, గేజ్ 12 మి.మీ.
- హెచ్‌ఓ: 1:87, గేజ్ 16.5 మి.మీ.
- ఓఓ (బ్రిటిష్): 1:76, గేజ్ 16.5 మి.మీ.
- ఓ: దేశాన్ని బట్టి 1:43.5 నుంచి 1:48, గేజ్ 32 మి.మీ.
- జి: 1:22.5 చుట్టుపక్కల, గేజ్ 45 మి.మీ.

బడ్జెట్ తక్కువైతే ఈ పట్టికలో రెండు చివరలూ కొట్టేయండి. ఓ, జి బండ్లకు మన ఫ్లాట్లలో చోటు చాలదు. జెడ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ అంత చిన్న చక్రానికి మన దుమ్ము పెద్ద శత్రువు, పైగా చవక కాదు. టీటీ సైజుగా చక్కటి మధ్యేమార్గమే. అయితే వాడిన సామాను మార్కెట్ హెచ్‌ఓ, ఎన్‌లకు ఉన్నంత టీటీకి లేదు, చేతిలో డబ్బు తక్కువున్నవాడికి ఆ మార్కెట్టే ఆధారం. ఇక పోటీ ఎన్‌కూ, హెచ్‌ఓ/ఓఓకూ మధ్యే.

మన రైళ్ల మీద మోజున్నవాళ్లకు ఒక లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే, ఎందుకంటే అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్ కోసం పుట్టింది. అంటే హెచ్‌ఓ పట్టాల మీద నడిచే ఏ భారతీయ ఇంజిన్ మోడలైనా కాళ్లు కాస్త దగ్గరగా పెట్టుకుని నడుస్తున్నట్టే. దాదాపు 3 మి.మీ. తేడా. ఎన్‌లో ఇదే తేడా ఒకటిన్నర మి.మీ. మూరెడు దూరం నుంచి ఎవరికీ కనబడదు. దీని కోసం సొంతంగా పట్టాలు వేసుకోవాలనే ఆలోచన మొదటి లేఅవుట్‌కు వద్దు.

3. వంపు లెక్క: అసలు జవాబు ఇక్కడుంది

ఈ మెట్టు నెమ్మదిగా చదవండి.

బండి గుండ్రంగా తిరిగి రావాలంటే బల్ల వెడల్పు కనీసం వంపు వ్యాసార్ధానికి రెట్టింపు, ప్లస్ అంచు. హెచ్‌ఓకు ఒక్కోవైపు 50 మి.మీ., ఎన్‌కు 35 మి.మీ. అంచు వదలండి. బండి పట్టా తప్పితే నేల మీద పడకుండా కాపాడేది ఆ అంచే.

నాలుగు అడుగుల వెడల్పు అంటే 1219 మి.మీ. రెండు అంచులూ పోగా 1119. అందులో సగం 559 మి.మీ., సరిగ్గా 22 అంగుళాలు. కాబట్టి నాలుగడుగుల బల్ల మీద హెచ్‌ఓలో వేయగల పెద్ద వంపు ఇదే. మామూలుగా సెట్లలో వచ్చేది ఇంకా చిన్నది, 18 అంగుళాలు (457 మి.మీ.). బ్రిటిష్ ఓఓ సెట్లలో 438 మి.మీ. వంపు సాధారణం.

ఇప్పుడు బోగీ వైపు రండి. మన నీలం ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ డిజైను) బోగీ పొడవు 21.3 మీటర్లు. హెచ్‌ఓలో 245 మి.మీ., ఎన్‌లో 133 మి.మీ. బోగీ పొడవుకు మూడు రెట్ల వ్యాసార్ధం ఉంటే బండి నమ్మకంగా నడుస్తుందని ఈ హాబీలో పాత కొలత. రెండు రెట్లకు దిగితే కప్లింగులు (బోగీలను కలిపే కొక్కేలు) లాగేస్తాయి, చూపుకూ బాగుండదు.

హెచ్‌ఓలో 245 × 3 = 735 మి.మీ. మీ నాలుగడుగుల బల్ల ఇచ్చేది 559. అంటే పూర్తి పొడవు ఐసీఎఫ్ బోగీల బండి 8×4 ప్లైవుడ్ షీటు మీద సుఖంగా తిరగదు. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీ అయితే మరీ కష్టం, అది 23.5 మీటర్లు. ఈ సంగతి పెట్టె మీద రాసి ఉండదు. కుదించిన పొడవు బోగీలు కొన్నవాళ్లు తిప్పుకుంటారు, సరైన పొడవున్నవి కొన్నవాళ్లు మనకు ఫోన్ చేస్తారు.

అదే బల్ల, అదే వంపు, గూడ్సు బండి పెట్టి చూడండి. సింగరేణి బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ కప్లింగులతో కలిపి 10.7 మీటర్లే. హెచ్‌ఓలో 123 మి.మీ. మూడు రెట్లంటే 369. అంటే 18 అంగుళాల వంపు మీద కూడా హాయిగా పోతుంది.

ఇక ఎన్‌లో ఎక్స్‌ప్రెస్. 133 × 3 = 399 మి.మీ. అంటే బల్ల వెడల్పు 870 మి.మీ., మూడడుగులకు కాస్త తక్కువ. రెండున్నర అడుగుల బల్ల మీద 315 మి.మీ. వంపు పడుతుంది. అది బోగీకి 2.4 రెట్లు, నడుస్తుంది. హెచ్‌ఓలో ఇంతే అందంగా తిప్పాలంటే దాదాపు రెట్టింపు వెడల్పు కావాలి.

స్టేషన్ సంగతి కూడా చూడండి. ఇంజిన్, 5 బోగీలు కలిపి హెచ్‌ఓలో ఒకటిన్నర మీటర్లు. 8×4 బల్ల మీద 22 అంగుళాల వంపులు వేశాక మిగిలే తిన్నటి దారి 1220 మి.మీ. బండి ప్లాట్‌ఫాంలో పట్టదు, తోక వంపులోనే ఉంటుంది. అదే బండి ఎన్‌లో 830 మి.మీ. 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు బల్ల మీద మిగిలే తిన్నటి దారి 1129 మి.మీ. బండి మొత్తం ఆగుతుంది, ముందు సిగ్నల్‌కు చోటు కూడా ఉంటుంది. బల్ల వైశాల్యం చూస్తే 32 చదరపు అడుగులకు బదులు 15.

కాబట్టి నా మాట ఇది: ప్యాసింజర్ బండి మీద మనసుంటే ఎన్, గూడ్సు మీద మనసుంటే హెచ్‌ఓ. మిగతావి సవరింపులు.

4. శుభలేఖల రైలు: కొనకముందే నడిపి చూడండి

లెక్కలు నమ్మకం కలిగించకపోతే కళ్లతో చూడండి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

కావాల్సినవి: పాత శుభలేఖలు (ఏ తెలుగింట్లోనైనా కట్టలు కట్టలు ఉంటాయి), కత్తెర, టేపు, చాక్‌పీసు, దారం, ఒక మేకు.

1. హెచ్‌ఓ బోగీకి 245 × 37 మి.మీ. అట్ట ముక్క కత్తిరించండి. ఒక శుభలేఖ చాలకపోతే రెండు అతికించండి.
2. ఎన్ బోగీకి 133 × 20 మి.మీ. ముక్క. ఇవి ఒక్క శుభలేఖలోంచే నాలుగైదు వస్తాయి.
3. రెండు చక్రాల సెట్ల నడిమి బిందువులు గుర్తించండి. హెచ్‌ఓలో వాటి మధ్య 170 మి.మీ., ఎన్‌లో 92 మి.మీ.
4. నేల మీద దారం, చాక్‌పీసుతో 457 మి.మీ. వంపు గీయండి. పక్కనే 282 మి.మీ. వంపు ఇంకొకటి.
5. అట్ట ముక్క మీది రెండు చుక్కలూ గీత మీద ఉండేలా పెట్టి, వంపు వెంట జరుపుతూ పోండి.

457 వంపు మీద హెచ్‌ఓ బోగీ నడుము గీత నుంచి దాదాపు 8 మి.మీ. లోపలికి జరుగుతుంది, చివరలు అంతే బయటికి పొడుచుకొస్తాయి. మీ ప్లాట్‌ఫాం అంచు, సిగ్నల్ స్తంభం, పక్క లైను దీన్ని తట్టుకోవాలి. అంటే పట్టా నడిమి గీత నుంచి రెండు వైపులా 30 మి.మీ. దాకా ఏమీ ఉండకూడదు. 282 వంపు మీద ఎన్ బోగీ జరిగేది 4 మి.మీ. లోపే.

తర్వాత ఐదు ముక్కలు వరుసగా పెట్టండి. లేచి నిలబడి చూడండి. కుర్చీలో కూర్చుని, కళ్లు బల్ల ఎత్తుకు తెచ్చి చూడండి. నేను ఇది చేసినప్పుడు మా ఆవిడ వచ్చి, హెచ్‌ఓ వరుస చూసి "ఇది హాల్లోకి వస్తుందా?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో నా స్కేల్ తేలిపోయింది. ఇంట్లోవాళ్లను ఈ దశలోనే పిలవండి. ప్లైవుడ్ వచ్చాక పిలిస్తే చర్చ వేరే రకంగా ఉంటుంది.

5. డబ్బు లెక్క

ఎన్ సగం సైజు కదా, సగం ధర ఉంటుందనుకోకండి. చిన్న మోటారు, చిన్న గేర్లు చేయడం తేలిక పని కాదు. ఒకే నాణ్యతలో చూస్తే ఎన్ ఇంజిన్ ధర హెచ్‌ఓ ఇంజిన్ ధరకు దగ్గర్లోనే ఉంటుంది. ఎన్‌లో మిగిలేది చెక్క, చోటు.

ఇంకో తిరకాసు ఉంది. ఒకే బల్ల మీద ఎన్‌లో హెచ్‌ఓ కంటే 3.4 రెట్ల ప్రపంచం పడుతుంది. పడుతుంది కదా అని నింపుకుంటూ పోతే పాయింట్లు (బండి లైను మార్చే పట్టా ముక్కలు), ఇళ్లు, చెట్లు అన్నీ ఎక్కువ కొంటారు. 8×4 ఎన్ లేఅవుట్ అదే 8×4 హెచ్‌ఓ కంటే ఖరీదు కావచ్చు. ఎన్ చవక కావాలంటే బల్ల కూడా చిన్నది కావాలి.

30 వేలు ఉంటే నేను ఇలా పంచుతాను:

- ఇంజిన్ ఒకటి: 9,000
- పట్టాలు, రెండు పాయింట్లు: 7,500
- బోగీలు లేదా వ్యాగన్లు: 4,500
- బల్ల, చెక్క, మరలు: 3,000
- కంట్రోలర్ (బండి వేగం మార్చే పెట్టె), అడాప్టర్, వైర్లు: 2,400
- సీనరీ: 1,500
- ముట్టుకోకూడని మిగులు: 2,100

ఇంజిన్‌కు 9 వేలు ఎందుకని అడుగుతారు. ఒక మంచి ఇంజిన్ మూడు చవక ఇంజిన్లకు సమానం. నడక ఆగి ఆగి ఉంటే హాబీ మీదే విరక్తి పుడుతుంది. సీనరీకి 1,500 చాలు, ఎందుకంటే మన దగ్గర సగం సామాను ఉచితం: జల్లించిన ఇసుక, ఆరబెట్టిన వాడేసిన టీ పొడి, రంపపుపొట్టు, టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్. ఫెవికాల్‌కు సమంగా నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే ఇవన్నీ బల్లకు అంటుకుంటాయి. టీ పొడి బాగా ఆరనివ్వండి, లేదంటే బూజు.

విదేశం నుంచి తెప్పించుకునేవాళ్లు కస్టమ్స్ సుంకం కలిపే ధర చూడాలి. బొమ్మల మీద బేసిక్ సుంకాన్ని 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు, ఆ తర్వాత కూడా మార్పులు వచ్చాయి. ఆర్డరు పెట్టే వారంలో ఉన్న రేటే లెక్క. అమెరికా నుంచి తమ్ముడు తెస్తాడనుకుంటే ముందు అతని సూట్‌కేసులో చోటుందో కనుక్కోండి. ఆవకాయ తీసుకెళ్లేటప్పుడు ఉండే చోటు తిరిగొచ్చేటప్పుడు ఉండదు.

6. ఎవరికి ఏది

రెండడుగుల వెడల్పు టేబుల్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఎన్. 249 మి.మీ. వంపు పడుతుంది. పొట్టి బోగీలు, చిన్న ఇంజిన్‌తో సరిపెట్టుకోవాలి.

ఏడెనిమిదేళ్ల పిల్లలతో కలిసి ఆడాలంటే హెచ్‌ఓ లేదా ఓఓ. ఎన్ చక్రాలను పట్టాల మీద కూర్చోబెట్టడం చిన్న వేళ్లకు విసుగు. చత్వారం వచ్చినవాళ్లకూ ఇదే సలహా. 45 దాటి ఎన్ కొనేవాళ్లు షాపులో కళ్లద్దాలు తీసి ఒక బోగీని పట్టా మీద పెట్టి చూడండి. మూడుసార్లు ప్రయత్నించాల్సి వస్తే హెచ్‌ఓ వైపు తిరగండి.

భారతీయ ఇంజిన్లే కావాలనేవాళ్లు హెచ్‌ఓ. మన మోడళ్లు దొరికేది ఎక్కువగా ఆ స్కేల్‌లోనే. ఎన్‌లో కావాలంటే 3డీ ప్రింటు చేసిన బాడీని జపాన్ లేదా అమెరికా ఇంజిన్ అడుగుభాగం మీద కూర్చోబెట్టుకోవాలి. ఓపిక ఉన్నవాళ్ల పని.

గోడ వెంట సన్నటి చోటు తప్ప ఇంకేం లేనివాళ్లు బెంగపడకండి. నా దృష్టిలో తక్కువ డబ్బుకు ఎక్కువ ఆట ఇచ్చేది షెల్ఫ్ మీది షంటింగ్ యార్డే (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి బండి కూర్చే చోటు). ఇంగిల్‌నుక్ అనే పద్ధతి ఉంది. రెండు పాయింట్లు, మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒక సైడింగులో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పట్టాలి. ముందు లైన్లో ఇంజిన్, 3 వ్యాగన్లు పట్టాలి. మొత్తం 8 వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన వరుసలో 5 వ్యాగన్ల బండి తయారు చేయడం ఆట. బాక్స్‌ఎన్ సైజు వ్యాగన్లతో హెచ్‌ఓలో 6 అడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక చాలు. ఎన్‌లో మూడున్నర అడుగులు. వంపు సమస్యే లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అరగంట షంటింగ్ చేస్తే టెన్షన్ దిగిపోతుంది.

7. కొనే వరుస

షాపువాళ్లు చూపించే వరుసలో కొనకండి. ఇలా వెళ్లండి:

1. ముందు పట్టాలు, అదీ కొద్దిగా. రెండు తిన్నటి ముక్కలు, ఒక పాయింటు. ఒకే కంపెనీ, ఒకే పట్టా ఎత్తు. హెచ్‌ఓలో కోడ్ 100, 83, 75 అని ఉంటాయి. కోడ్ 100 అంటే పట్టా ఎత్తు 2.54 మి.మీ. పాత బండ్లు కూడా నడవాలంటే కోడ్ 100 తీసుకోండి. ఎన్‌లో అదే లెక్కన కోడ్ 80.
2. తర్వాత ఇంజిన్. వంపు కనీసం ఎంత ఉండాలో పెట్టె మీదో కాగితంలోనో చూసుకోండి. ఇప్పుడు మామూలు డీసీ మీదే నడుపుతారు, అయినా డిజిటల్ డీకోడర్‌కు (ఒక్కో ఇంజిన్‌ను విడిగా నడిపించే చిప్పుకు) సాకెట్ ఉన్న ఇంజిన్ అయితే మంచిది.
3. కంట్రోలర్. ఒకే ఇంజిన్ ఉన్నప్పుడు డిజిటల్ అక్కర్లేదు. మూడు ఇంజిన్లు అయ్యాక ఆలోచించండి. అప్పుడు కూడా ఆర్డుయినో మెగా బోర్డు, మోటార్ షీల్డ్‌తో పనిచేసే డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ పద్ధతి ఉంది. బీటెక్ కుర్రాడు ఇంట్లో ఉంటే అతనికి అప్పజెప్పండి.
4. వ్యాగన్లు రెండు. నడక చూశాక మిగతావి.
5. బల్ల. ఇప్పటికి మీ కొలతలు మారి ఉంటాయి, అందుకే ఇది ఐదోది. 12 మి.మీ. ప్లైవుడ్, కింద చట్రం. చెదలు తగిలే ఇల్లయితే కాళ్లు గోడకు ఆనించకండి, అడుగున ప్లాస్టిక్ బూట్లు వేయండి.
6. మిగతా పట్టాలు.
7. ఇళ్లు, చెట్లు అన్నిటికన్నా చివర.

ఇళ్లకు డబ్బు పెట్టేముందు కాగితం కిట్లు ప్రయత్నించండి. హెచ్‌ఓకు గీసిన బొమ్మను 54 శాతానికి తగ్గించి ప్రింటు తీస్తే ఎన్ సైజు వస్తుంది. ఓఓ బొమ్మను 87 శాతానికి తగ్గిస్తే హెచ్‌ఓ. జిరాక్సు షాపులో 200 జీఎస్‌ఎం అట్ట మీద తీయించండి.

8. వాడిన సామాను కొనేటప్పుడు

జేబులో ఒక 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్పు, రెండు వైరు ముక్కలు పెట్టుకుని వెళ్లండి. ఇంజిన్‌ను వెల్లకిలా పట్టుకుని, ఎడమ చక్రానికి ఒక వైరు, కుడి చక్రానికి ఇంకో వైరు ఆనించండి. డీసీ ఇంజిన్ అయితే చక్రాలు తిరుగుతాయి. వైర్లు మార్చి పెడితే వెనక్కి తిరగాలి.

అప్పుడు చెవి దగ్గర పెట్టుకోండి. చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కో "టక్" మంటే ఇరుసు మీది గేరు పగిలి ఉంటుంది. గేరు దొరికితే బాగుచేసుకోవచ్చు, దొరక్కపోతే అది అలంకారానికే. కాలిన వాసన వస్తే వదిలేయండి, ఎంత బేరమైనా సరే.

- చక్రాల అంచులు మరీ లోతుగా ఉన్నాయా? పాత బండ్ల అంచులు తక్కువ ఎత్తు పట్టాల మేకులకు తగిలి ఎగిరెగిరి పడతాయి
- కప్లింగులన్నీ ఒకే రకమా? నాలుగు దేశాల వ్యాగన్లు చవగ్గా కొంటే నాలుగు రకాల కప్లింగులు వస్తాయి. మార్చే ఖర్చు వ్యాగన్ ధరను మించుతుంది
- హెచ్‌ఓ ఇంజిన్ రెండు పట్టాలదా, మధ్యలో మూడో కాంటాక్టు ఉన్న ఏసీ రకమా? రెండోది మీ డీసీ పట్టా మీద నడవదు
- పట్టాలు ఇత్తడివా, ఉక్కువా, నికెల్ సిల్వరా? విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉక్కు పట్టా తొందరగా తుప్పు పడుతుంది. నికెల్ సిల్వర్ తీసుకోండి

9. కరెంటు: పొగ రాకముందే చదవండి

జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, మనది 230. అక్కడి సెట్‌తో వచ్చే అడాప్టర్‌ను నేరుగా మన ప్లగ్గులో పెడితే ఏమవుతుందో నాకు అనుభవమే. నా మొదటి ఎన్ సెట్ జపాన్ నుంచి బావమరిది తెచ్చాడు. ఆ ఉత్సాహంలో లేబుల్ చూడలేదు. ఒక చిన్న "ఫట్", తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. అదృష్టం బాగుండి పట్టాలకు తగిలించక ముందే పోయింది కాబట్టి ఇంజిన్ బతికింది.

లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటేనే పెట్టండి. 100 లేదా 120 అని మాత్రమే ఉంటే దాన్ని పక్కన పడేసి, కంట్రోలర్ ఎంత వోల్టేజీ, ఎన్ని ఆంపియర్లు అడుగుతుందో చూసి, ఆ కొలతకు, అదే పిన్ను, అదే ప్లస్-మైనస్ వరుస ఉన్న అడాప్టర్ ఇక్కడే కొనండి. ఎన్, హెచ్‌ఓ డీసీ బండ్లకు 12 వోల్టులు గరిష్ఠం. మామూలు ఇంజిన్ ఒకటికి 1 ఆంపియర్ చాలు.

సొంతంగా కంట్రోలర్ కట్టుకునేవాళ్లు దారిలో 1 ఆంపియర్ ఫ్యూజు తప్పక పెట్టండి. పట్టా మీద స్క్రూడ్రైవర్ పడితే అదే కాపాడుతుంది. చవక పీడబ్ల్యూఎం (కరెంటును ఆపి ఆపి పంపి వేగం మార్చే) బోర్డులతో ఎన్‌లోని చిన్న మోటార్లు వేడెక్కవచ్చు. పది నిమిషాలు నడిపి ఇంజిన్ పైకప్పు ముట్టుకుని చూడండి.

10. మామూలుగా జరిగే తప్పులు, సవరణలు

బండి ఒకే చోట ఆగుతోంది. ముందు ఇంజిన్‌ను అనుమానించకండి. ఆ చోట రెండు పట్టాల్ని కలిపే జాయింటర్ వదులై ఉంటుంది. చక్కగా బిగించి, బల్ల చుట్టూ ఇంకో రెండు చోట్ల కరెంటు వైర్లు ఇవ్వండి.

బండి అన్ని చోట్లా ఆగి ఆగి నడుస్తోంది. పట్టాలు మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి, చక్రాలు కూడా. గరుకు కాగితం వాడొద్దు. గీతల్లో మురికి ఇంకా పట్టుకుంటుంది. మన ఇళ్లలో ఫ్యాను కింద బల్ల ఉంటే వారానికోసారి తుడవాల్సిందే. వాడనప్పుడు పాత దుప్పటి కప్పకండి, నూలు పోగులు గేర్లలో చుట్టుకుంటాయి. ప్లాస్టిక్ షీటు కప్పండి.

వేసవిలో పట్టాలు పాములా వంకర తిరిగాయి. చెక్క ఆరి కుంచించుకుంది, పట్టాలు మాత్రం అంతే ఉన్నాయి. పట్టాల మధ్య సన్నటి ఖాళీలు వదలండి, ఒక పోస్టుకార్డు మందం. పట్టాల్ని జనవరిలో బిగించినవాళ్లకు మేలో ఈ తిప్పలు ఎక్కువ.

వంతెన కోసం వాలు పెట్టాను, ఇంజిన్ ఎక్కడం లేదు. 2 శాతం మించకండి, అంటే మీటరుకు 2 సెంటీమీటర్ల ఎత్తు. హెచ్‌ఓలో ఒక లైను మీంచి ఇంకో లైను దాటాలంటే దాదాపు 75 మి.మీ. ఎత్తు కావాలి, అంటే మూడుముప్పావు మీటర్ల వాలు, దిగడానికి ఇంకో అంత. చిన్న బల్ల మీద వంతెన మానుకుని, కింద ఒక కాలువ చెక్కండి. బండి తిన్నగా పోతుంది, వంతెనా ఉంటుంది.

రెండు స్కేళ్లూ కొనేశాను. జరిగేదే. పాయింట్లు, ఇంజిన్లు, కంట్రోలర్ ఎక్కువ ఎందులో ఉన్నాయో లెక్కేసి, రెండోది పెట్టెలతో సహా అమ్మేయండి. అందుకే ఏది కొన్నా మొదటి ఏడాది ఖాళీ పెట్టె పారేయకూడదు. పెట్టె లేని ఇంజిన్‌కు బేరం సగం దగ్గర మొదలవుతుంది.